చర్ల నుండి ఎవరెస్టునకు

భద్రాచలము దాటి గోదావరి గట్టు వెంట ఎగువకు పోయినచో మొదట దుమ్ముగూడెము, పిమ్మట చర్ల వచ్చును. చర్లకు ఆవల ఛత్తీస్‌గఢ్ అడవులు. తాలిపేరు అను ఏరు ఆ అడవులలో నుండి దిగివచ్చి గోదావరిలో కలియును. ఇప్ప, తునికి, వెదురు పెరుగు ఆ సీమలో కోయగూడెములు పెక్కు గలవు. వేసవిలో అచట ఎండలు నిప్పులు చెరుగును. మంచు ఎట్లుండునో అచటి పిల్లలు పుస్తకములలో చదివి తెలిసికొనవలసినదే.

అట్టి చర్ల మండలమునందలి కలివేరు గ్రామమునకు చెందిన సాధనపల్లి ఆనందకుమార్ అను విద్యార్థి 2014వ సంవత్సరము మే 25వ తేదీన ఎవరెస్టు శిఖరముపై నిలిచెను. చర్ల అప్పుడు ఖమ్మము జిల్లాలోనిది. 2016 నుండి భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో చేరినది. ఆనందునితో కూడ ఆ శిఖరమెక్కిన బాలిక మాలావత్ పూర్ణ. ఆమెది నిజామాబాదు జిల్లా పాకాల గ్రామము. ఆనాటికి ఆమెకు ఇంకను పదునాలుగేండ్లు నిండలేదు. ఇద్దరును పేద కుటుంబములలో పుట్టి, సాంఘిక సంక్షేమ గురుకుల పాఠశాలలలో తొమ్మిదవ తరగతి చదువుచుండిరి.

ఇంతటి కార్యము ఒక్కనాటి ఉత్సాహముతో జరుగునది కాదు. గురుకుల విద్యాలయముల సంస్థకు కార్యదర్శిగా నుండిన ఆర్. ఎస్. ప్రవీణ్ కుమార్ విద్యార్థులకు పర్వతారోహణము నేర్పింపవలెనని సంకల్పించిరి. 2007లో ఎవరెస్టునెక్కిన బచినేపల్లి శేఖర్‌బాబు వారికి గురువయ్యెను. నూరుమందికి పైగా విద్యార్థులు భువనగిరి కోట గల ఏకశిలపై మొదటి పాఠములు నేర్చిరి. త్రాడు పట్టుట, ముడి వేయుట, కాలూనుటకు చోటు వెదకుట ఆ పాఠములు. వారిలో ఇరువదిమంది డార్జిలింగునందలి హిమాలయ పర్వతారోహణ సంస్థకు వెళ్లిరి. 1953లో టెన్సింగు, హిల్లరీలు ఎవరెస్టును జయించిన మరుసటి యేడు నెలకొల్పబడిన విద్యాలయమది. అటుపిమ్మట తొమ్మిదిమంది లడఖ్‌లో చలికాలమున శిక్షణ పొందిరి. చివరకు ఎన్నికైనవారు ఈ ఇద్దరే.

నేపాలు ప్రభుత్వము పదునారేండ్లు నిండనివారిని ఎవరెస్టు ఎక్కనీయదు. కావున బృందము టిబెట్టు వైపు మార్గమును ఎన్నుకొని ఏప్రిలు నెలలో బయలుదేరెను. ఆ నెల 18వ తేదీన నేపాలు వైపున ఖుంబు హిమపాతమునొద్ద పెద్ద మంచుపెళ్ల విరిగిపడి పదునారుగురు నేపాలీ సహాయకులు మరణించిరి. వారందరును యాత్రికుల కొరకు త్రోవ సిద్ధపరచుచు, బరువులు మోయుచు ప్రాణములు కోల్పోయినవారు. కొండనెక్కిన వాని పేరు లోకమంతయు చెప్పుకొనును. త్రోవలో త్రాడు కట్టినవాని పేరు ఎందరికి తెలియును?

ఆ దుర్వార్త టిబెట్టు వైపున ఉన్న ఈ పిల్లలకు చేరెను. కోరినచో మరలి రావచ్చునని పెద్దలు వారికి తెలియజేసిరి. మరలి వచ్చినను వారిని తప్పు పట్టువారు లేరు. అయినను ఇద్దరును ముందునకే పోవుదుమనిరి. పర్వతము ఎంతటిదో ఎరిగిన పిమ్మట చెప్పిన మాట గనుక దానికి విలువ ఎక్కువ.

ఎవరెస్టు ఎత్తు 8,848 మీటర్లకు పైచిలుకు. అచటి గాలిలో మనకు దొరకు ప్రాణవాయువులో మూడవ వంతు మాత్రమే యుండును. ఒక్క పరుగున పైకి పోయినవాడు బ్రతుకజాలడు. కొంత ఎత్తునకు పోవుట, మరల క్రిందికి దిగుట, విశ్రమించి ఇంకను పైకి పోవుట – ఇట్లు వారముల తరబడి చేసినగాని దేహము పలుచని గాలికి అలవడదు. దిగుట వెనుకకు పోవుట కాదు. పైకి పోవుటలో అదియు ఒక భాగమే. కడపటి విడిది నుండి రాత్రివేళ బయలుదేరి, దీపములు తలకు కట్టుకొని, ప్రాణవాయువు సీసాలు మోసికొని, ముందువారు బిగించిన త్రాటి వెంట ఒక్కొక్క అడుగే వేయవలెను.

మే 25వ తేదీ ఉదయమున పూర్ణయు ఆనందుడును శిఖరమును చేరిరి. అచట మన జాతీయ పతాకమును ఎగురవేసిరి. డాక్టరు అంబేద్కరు చిత్రమును, పేదల విద్యకై పాటుపడిన అధికారి ఎస్. ఆర్. శంకరన్ చిత్రమును నిలిపిరి. ఎవరెస్టునెక్కిన బాలికలలో పూర్ణ లోకమునకంతటికి పిన్నవయస్కురాలు. ఆ తరువాత ఎనిమిది దినములకు, జూను 2వ తేదీన, తెలంగాణ రాష్ట్రమేర్పడెను. ఒక రాష్ట్రమునుండి యాత్రకు వెడలిన పిల్లలు వేరొక రాష్ట్రమునకు తిరిగి వచ్చిరి.

పూర్ణ యాత్ర అంతటితో ఆగలేదు. ఆమె 2017లో ఐరోపా ఖండమున అత్యున్నతమగు ఎల్బ్రస్ శిఖరమును ఎక్కెను. 2022 నాటికి ఏడు ఖండములందలి ఉన్నత శిఖరములనన్నిటిని ఎక్కినది. ఆమె కథ చలనచిత్రముగ వెలువడెను. ఆనందుని పేరు అంతగా వినబడదు. కాని ఆ ఉదయమున ఇద్దరును నడచిన మంచు ఒక్కటే, పట్టిన త్రాడు ఒక్కటే.

విద్యార్థులారా! దేశాటనము వలన జ్ఞానము కలుగునని పెద్దలందురు. నగరములు చూచుట, వింతలు కనుగొనుట మంచిదే. మిత్రులతో కూడి కష్టమైన త్రోవను నడచినప్పుడు తోడివాని అడుగును కనిపెట్టుచు, తన అడుగును నిలుపుకొనుట కూడ అలవడును. ఈ విద్య నేర్చుటకు హిమాలయములే యక్కరలేదు. మీ ఊరి గుట్టయు చాలును.