రేపటి జనసంఖ్య

విందునకు ఎందరు వత్తురో తెలిసిన గృహిణి అందుకు తగినట్లు ఎసరు పెట్టును. లెక్క తగ్గినచో అతిథి పస్తుండును. హెచ్చినచో అన్నము పాడగును. ఊరిని, జిల్లాను, రాష్ట్రమును నడుపువారికిని ఇట్టి చిక్కే కలదు. పాఠశాల కట్టుటకును, మంచినీటి గొట్టములు వేయుటకును, ఆసుపత్రి నిర్మించుటకును ఏండ్లు పట్టును. అవి పూర్తియగు నాటికి ఆ ఊరిలో ఎందరుందురో ముందే ఊహింపవలెను. రాబోవు కాలపు జనసంఖ్యను ఇట్లు లెక్కగట్టుటకే జనాభా అంచనా యని పేరు.

ఈ అంచనాకు పునాది జనగణనము. మన దేశమంతట ఒకేమారు జనులను లెక్కించుట 1881లో మొదలయ్యెను. అది మొదలు 2011 వరకు పదేండ్లకొకసారి గణనము జరుగుచు వచ్చెను. 2021లో జరుగవలసినది కరోనా వ్యాధి వలన వాయిదా పడెను. తరువాతి గణనమునకు 2027 మార్చి 1వ తేదీని ప్రమాణముగా నిర్ణయించుచు 2025 జూన్ నెలలో ప్రభుత్వ ప్రకటన వెలువడెను. 2011 తరువాత ఇన్నేండ్లును ప్రణాళికలు వ్రాయువారు అంచనాల మీదనే ఆధారపడవలసి వచ్చెను.

జనసంఖ్య మారుటకు కారణములు మూడే: జననము, మరణము, వలస. మొదటి రెండును సాధారణముగా ఒక్కసారిగా మారవు. నేడు పదమూడేండ్ల బాలిక పదేండ్లకు ఇరువది మూడేండ్ల యువతి యగును. కావున నిపుణులు జనులను వయస్సును బట్టి వర్గములుగా విభజించి, ఒక్కొక్క వర్గమును ఏటేట ముందునకు జరుపుచు, పుట్టువారిని కూడుచు, గతించువారిని తీసివేయుచు, వలసలను సవరించుచు లెక్కింతురు. కేంద్ర ప్రభుత్వము నియమించిన నిపుణుల సంఘము ఈ పద్ధతిని అనుసరించి, 2011లో 121 కోట్లున్న మన జనసంఖ్య 2036 నాటికి సుమారు 152 కోట్లగునని 2020లో నివేదిక యిచ్చెను.

అయినను అంచనా జోస్యము కాదు. 1911లో మన దేశపు జనసంఖ్య 25 కోట్లకు పైగా ఉండెను. పదేండ్లలో అది పెరుగునని ఎవరైనను అనుకొని యుందురు. కాని 1918లో ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి ప్రబలి లక్షలాది ప్రాణములను బలిగొనెను. 1921 గణనములో సంఖ్య పెరుగుటకు మారుగా తగ్గెను. దేశమంతటి లెక్కయే ఇట్లు తలక్రిందులైనచో, చిన్న ప్రాంతముల మాట చెప్పనేల?

హైదరాబాదునకు ఉత్తరమున, నాగపూరు బాటపై మేడ్చలును, కరీంనగరు బాటపై శామీర్‌పేటయు ఉన్నవి. కొంతకాలము క్రిందటి వరకు ఇవి చెరువుల క్రింది పొలములకును, ద్రాక్షతోటలకును నెలవైన పల్లెసీమలు. పిమ్మట 1998లో స్థాపితమైన నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయము శామీర్‌పేటలో నెలకొనెను. ఆ చేరువనే టీకాలును, ఔషధములును తయారగు జీనోమ్ వ్యాలీ వెలసెను. 2008లో బిట్స్ పిలానీ విద్యాసంస్థ అక్కడ ప్రాంగణమును తెరచెను. నగరమును చుట్టివచ్చు 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు ఈ రెండు ఊళ్ల ప్రక్కగా సాగెను. 2023లో సికింద్రాబాదు నుండి మేడ్చలుకు ఎం.ఎం.టి.ఎస్. రైళ్లు నడువసాగెను. ఇందులో ఏ ఒక్కటియు పాత జననమరణముల పట్టికలో కానరాదు. కాని పనివారిని, విద్యార్థులను, కుటుంబములను అక్కడికి రప్పించినవి ఇవియే.

ఒక చిన్న లెక్క చేసి చూడుడు. 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లా ఏర్పడుటకు ముందు ఈ మండలములు రంగారెడ్డి జిల్లాలో ఉండెను. నాటి రంగారెడ్డి జిల్లా జనసంఖ్య 1991లో సుమారు 25 లక్షల 52 వేలు. 2001లో 35 లక్షల 75 వేలు. అనగా నూటికి 40 వంతున పెరిగెను. ఇదే వేగము సాగునని తలచినచో 2011లో 50 లక్షల 8 వేలు కావలెను. గణనములో తేలినది 52 లక్షల 97 వేలు. అంచనా దాదాపు 2 లక్షల 90 వేలు తక్కువయ్యెను.

ప్రక్కనున్న హైదరాబాదు జిల్లాకు ఇదే లెక్క వేయుడు. అక్కడ 1991లో 31 లక్షల 46 వేలు, 2001లో 38 లక్షల 30 వేలు. ఆ వేగముననే 2011లో సుమారు 46 లక్షల 60 వేలు కావలెను. కాని తేలినది 39 లక్షల 43 వేలే! ఇక్కడ అంచనా ఏడు లక్షలకు పైగా ఎక్కువయ్యెను. పద్ధతి ఒక్కటే, కాలము ఒక్కటే. ఒకచోట తక్కువ, వేరొకచోట ఎక్కువ. నగర మధ్యమున ఖాళీ స్థలము కరవై, క్రొత్తగా వచ్చువారును, ఉన్నవారిలో కొందరును పొలిమేరలకు చేరుటయే ఇందుకు ముఖ్య కారణము. వలసను గమనింపని లెక్క మనుజుని విడిచి నీడను కొలుచుట వంటిది.

జనము పలుచనైనకొద్దీ ఈ చిక్కు మరింత పెరుగును. అరువది లక్షల జనములో ముప్పదిమంది తరలిపోయిన తెలియదు. ఆరు వందల మంది గల ఊరినుండి అయిదు కుటుంబములు, అనగా ముప్పదిమంది, వెడలినచో నూటికి అయిదు వంతులు తగ్గినట్లే. అందుచేతనే మంచుసీమల జనసంఖ్యను ఊహించుట మిక్కిలి కష్టము. రష్యాకు ఈశాన్య కొననున్న చుకోత్కాలో 1989లో లక్షన్నరకు మించి జనులుండిరి. 1991లో సోవియట్ యూనియను విచ్ఛిన్నమై, గనులకును ఉద్యోగములకును ఆదరవు తగ్గగా, జనులు వెచ్చని ప్రాంతములకు తరలిపోయిరి. 2010 నాటికి అక్కడ మిగిలినవారు 50,526 మంది.

అట్టిచోట్ల జనులను లెక్కించుటయే ఒక సాహసము. అమెరికాలోని అలాస్కాలో 2020 గణనము జనవరి నెలలోనే టోక్సూక్ బే యను మారుమూల గ్రామమున మొదలయ్యెను. నేల గడ్డకట్టియున్నప్పుడు ప్రయాణము సుకరము. వసంతము రాగానే జనులు వేటకును, చేపలు పట్టుటకును వెడలిపోవుదురు. మన లద్దాఖులో ఇందుకు విపర్యయము. మంచు పడినచో కనుమదారులు మూతబడును. కావున లద్దాఖు, హిమాచలప్రదేశము మొదలగు చోట్లనున్న మంచుసీమలకు 2026 అక్టోబరు 1వ తేదీని ముందుగా నిర్ణయించిరి. 2011 గణనము ప్రకారము తెలంగాణములో చదరపు కిలోమీటరుకు 312 మంది ఉండగా, లద్దాఖు మొత్తమున 2,74,289 మందియే యుండిరి. వేసవిలో రోడ్ల పనికై ఇతర రాష్ట్రముల కూలీలు అక్కడికి వత్తురు, చలికాలమున మరలుదురు. ఏ నెలలో లెక్కించితిమనుటను బట్టియే సంఖ్య మారును.

అంచనా తప్పవచ్చునని దానిని మానుట తగునా? తగదు. మానినచో ఊరు పెరిగిన పిదప నీటి ట్యాంకరు కొరకు బిందెలతో వరుసలో నిలువవలసి వచ్చును. అట్లని గుడ్డిగా నమ్మినచో, ‘ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము’ అన్న సామెత వలె, రాని జనమునకై ధనము వ్యయమగును. అందుచేత వివేకులు తక్కువ, మధ్యమము, ఎక్కువ అని మూడు అంచనాలు సిద్ధపరతురు. రెండు గణనముల నడుమ బడి హాజరు పట్టీలను, విద్యుత్తు కనెక్షన్లను, క్రొత్త ఇండ్ల సంఖ్యను గమనించి లెక్కను సరిదిద్దుకొందురు. పనులను దశలవారీగా చేయుచు, పెరుగుదలకు తావు విడుతురు.

గణకుడు మీ ఇంటికి వచ్చినప్పుడు సత్యమైన వివరములు చెప్పుడు. మీ ఇంటిలో ఒక్కరి పేరు తప్పిపోయినచో, రేపటి లెక్కలో ఒకరి నీరు, ఒక బాలుని బడి తప్పిపోవును.

ప్రశ్నలు

1. జనసంఖ్య మారుటకు గల మూడు కారణములేవి? వానిలో ఊహించుటకు కష్టమైనది ఏది?
2. 2011లో రంగారెడ్డి, హైదరాబాదు జిల్లాల అంచనాలు ఎట్లు తప్పినవి? ఏల?
3. అలాస్కాలో చలికాలమునను, లద్దాఖులో మంచు పడక మునుపును జనులను లెక్కించుటకు కారణమేమి?
4. మీ ఊరి జనసంఖ్య పదేండ్లలో ఎట్లు మారునో ఊహించి, కారణములతో పది వాక్యములు వ్రాయుడు.