మార్పు చేపల పెంపకములో మేత కొలత

తెలంగాణ గ్రామములలో చెరువు క్రింద భూమి గల రైతులకు మార్పు చేప క్రొత్తది కాదు. వర్షాకాలమున అలుగు పాఱునపుడు వరిమళ్ళలోనికి ఎగబ్రాకు ఈ మీసాల చేపను బాలురు సైతము ఎఱుగుదురు. దీనికి మొప్పలతో పాటు గాలిని పీల్చుకొను అవయవము గూడ కలదు. అందుచేత నీరు తగ్గినను, చెడినను ఇది త్వరగా చావదు. ఈ గుణమును చూచియే చిన్న కుంటలో దీనిని పెంచుట సులభమని పలువురు తలంతురు. బ్రతికించుట సులభమే. లాభము కలుగునట్లు పెంచుట మాత్రము మేత కొలతపై ఆధారపడియున్నది. ఈ పెంపకమున అగు వ్యయములో సాధారణముగా సగమునకు పైగా మేతకే పోవును. మేతలో పొరపాటు జరిగినచో ఈ చేపలు వెంటనే చచ్చి రైతును హెచ్చరింపవు. ఎదుగుట మాని బ్రతికియుండును. నష్టము చేపలను పట్టిన దినమున గాని బయటపడదు. కావున రైతు కంటి అంచనాను నమ్మక, త్రాసును నమ్మవలెను.

1. పిల్లల ఎంపిక

సంతలో మార్పు పిల్లలని చెప్పి ఆఫ్రికా జాతి పిల్లలను అమ్ముటయు కలదు. ఆ జాతి త్వరగా పెరుగునుగాని, వరదలో చెరువునకు చేరినచో అచటి నాటు చేపలను మ్రింగివేయును. దాని పెంపకమును భారత ప్రభుత్వము 2000 సంవత్సరమున నిషేధించినది. కావున నమ్మకమైన చోట నాటు మార్పు పిల్లలనే కొనవలెను. పిల్లలన్నియు ఒకే పరిమాణమున ఉండుట ముఖ్యము. పెద్దవి, చిన్నవి కలిసియున్నచో పెద్దవి మేతను లాగుకొనుటయే గాక, ఆకలి వేళ చిన్నవానిని తినివేయును.

2. మేతలో ఉండవలసినవి

మార్పు చేప స్వభావమున నత్తలను, పురుగులను, చిన్న చేపలను, క్రుళ్ళిన ఆకులను గూడ తినును. కాని జంతు పదార్థములపైననే దానికి మక్కువ హెచ్చు. దాని మేతలో నూటికి 30 మొదలు 40 పాళ్ళ వఱకు మాంసకృత్తులు ఉండవలెను. తవుడులో ఇవి నూటికి సుమారు 12 పాళ్ళును, వేరుసెనగ చెక్కలో సుమారు 40 పాళ్ళును, మంచి ఎండుచేపల పొడిలో 50 పాళ్ళును, అంతకు మించియు ఉండును.

కొందఱు రైతులు తవుడును, చెక్కను మాత్రమే కలిపి వేయుదురు. 6 పాళ్ళు తవుడు, 4 పాళ్ళు చెక్క కలిపినచో మాంసకృత్తులు నూటికి 23 పాళ్ళు మాత్రమే వచ్చును. అదియు గాక, వేరుసెనగ మాంసకృత్తులలో చేప కండకు అవసరమైన కొన్ని అంశములు కొఱవడును. వాని నిచ్చునది చేపల పొడియే. కావున 10 కిలోల మేతకు ఈ క్రింది పాళ్ళు తగియుండును:

ఉప్పు వేయని ఎండుచేపల పొడి – 3 కిలోలు
వేరుసెనగ చెక్క – 4 కిలోలు
తవుడు – 2 కిలోలు
నూకల పిండి – 800 గ్రాములు
ఖనిజ లవణములు, విటమిన్లు కలిసిన పొడి – 200 గ్రాములు

ఈ మిశ్రమమున మాంసకృత్తులు నూటికి సుమారు 34 పాళ్ళు ఉండును. సోయా చిక్కుడు పండు ప్రాంతములలో చెక్కలో కొంత భాగమునకు బదులు సోయా పిండిని వాడవచ్చును. కాని సోయా గింజలను బాగుగా వేపిగాని, ఉడికించిగాని వాడవలెను. పచ్చి సోయాలోని ఒక పదార్థము మాంసకృత్తులు జీర్ణము కాకుండ అడ్డగించును. పచ్చి చేపలను వేయదలచినచో వానిని గూడ ఉడికింపవలెను; కొన్ని జాతుల పచ్చి చేపలలో బి1 విటమిన్‌ను నాశనము చేయు గుణము కలదు.

సి విటమిన్ లోపించినచో ఎదుగు పిల్లలకు వెన్నెముక వంకర తిరుగును. ఈ విటమిన్ వేడికిని, ఎండకును చెడును. కావున విటమిన్ పొడిని మేత చల్లాఱిన పిమ్మటనే కలుపవలెను.

3. మేత తయారుచేయు విధము

చెక్కను పొడిగొట్టి రాత్రి నానబెట్టవలెను. ఉదయమున నూకల పిండిని జావగా కాచి, దానిలో చెక్కను, తవుడును, చేపల పొడిని కలిపి ముద్దగా పిసుకవలెను. ఉడికిన జావ మేతను పట్టియుంచును; నీటిలో వెంటనే కరగనీయదు. పొడి మేతను నీటిపై చల్లినచో అందు హెచ్చు భాగము చేప నోటికి అందకయే కరగిపోవును. ముద్ద మేతను ఆ దినముననే వాడవలెను. నిలువ ఉంచదలచినచో జంతికల గొట్టముతో వత్తి, నీడలో ఆఱబెట్టి, త్రుంచి దాచవచ్చును.

బూజు పట్టిన చెక్కను ఎన్నడును వాడరాదు. 1960 సంవత్సరమున ఇంగ్లండు దేశమున లక్షకు పైగా టర్కీ కోళ్ళు బూజు పట్టిన వేరుసెనగ పిండి తిని చనిపోయెను. ఆ బూజు నుండి పుట్టు అఫ్లటాక్సిన్ అను విషము అపుడే తెలియవచ్చినది. ఇది చేపల కాలేయమును గూడ చెఱచును. వంట వేడికి ఇది సంపూర్ణముగా నశింపదు. కావున చెక్క బస్తాలను నేలపై గాక బల్లలపై, గాలి తగులు పొడి గదిలో ఉంచవలెను.

4. ఎంత వేయవలెను

మేత కొలత చేపల మొత్తము బరువును బట్టి నిర్ణయింపవలెను. చిన్న పిల్లలకు దినమునకు బరువులో నూటికి 8 పాళ్ళును, నడిమి దశలో 4 మొదలు 5 పాళ్ళును, పెద్దవగునప్పటికి 3 పాళ్ళును చాలును. పాళ్ళు తగ్గుచున్నను, చేపల బరువు పెరుగుటచేత మేత మొత్తము పెరుగుచుండును.

2 గుంటల కుంటలో, అనగా సుమారు 200 చదరపు మీటర్లలో, 10 గ్రాముల పిల్లలను 1,000 వదలినారనుకొందము. వాని మొత్తము బరువు 10 కిలోలు. దినమునకు 800 గ్రాముల మేత కావలెను. కొంత కాలమునకు 900 చేపలు మిగిలి, ఒక్కొక్కటి 60 గ్రాములు తూగినచో మొత్తము 54 కిలోలు. నూటికి 4 పాళ్ళ లెక్కను 2 కిలోల 160 గ్రాములు వేయవలెను. 850 చేపలు 100 గ్రాముల వంతున తూగినచో మొత్తము 85 కిలోలు. నూటికి 3 పాళ్ళ లెక్కను 2 కిలోల 550 గ్రాములు చాలును.

ఈ లెక్కకై 15 దినముల కొకసారి విసరువలతో కుంట నలుమూలల నుండి 50 చేపలను పట్టి, కలిపి తూచి, సగటు బరువును వ్రాసికొనవలెను. చచ్చిన వానిని ఏ దినమున కా దినము లెక్క నుండి తీసివేయవలెను. వాన రాత్రులలో మార్పు చేపలు గట్టెక్కి వెడలిపోవును గనుక గట్టు చుట్టును వల కట్టవలెను. వెడలిపోయిన చేపల వంతు మేత గూడ వేయుచుండుట డబ్బును నీటిలో పోయుటయే యగును.

5. వేయు వేళ, వేయు విధము

మార్పు రాత్రివేళ సంచరించు చేప. కావున దినపు మేతలో మూడవ వంతు ఉదయమునను, తక్కిన రెండు వంతులు సూర్యాస్తమయ సమయమునను వేయవలెను. మేతను ఒకే చోట పోయక, నాలుగైదు తట్టలలో ఉంచి, అడుగునకు ఒక అడుగు ఎత్తున త్రాళ్ళతో వ్రేలాడదీయవలెను. అపుడు చిన్న చేపలకును వంతు దొరకును. రెండు గంటల పిమ్మట తట్టలను ఎత్తి చూడవలెను. మేత మిగిలినచో మఱునాడు తగ్గింపవలెను. అరగంటలోనే తట్టలు ఖాళీ యగుచున్నచో కొంచెము హెచ్చింపవచ్చును.

చలికాలమున నీటి వేడి 20 డిగ్రీలకు తగ్గినపుడు చేపకు ఆకలి మందగించును. మేతను సగమునకు తగ్గింపవలెను. ముసురు దినములలోను, వేసవిలో నీరు మిక్కిలి కాగినపుడును ఇట్లే చేయవలెను. చేపలను పట్టుటకు ముందు ఒక దినము మేత మానవలెను.

6. మిగిలిన మేత చేయు కీడు

తినక మిగిలిన మేత అడుగున క్రుళ్ళి నీటిలోని ప్రాణవాయువును హరించి, అమ్మోనియాను పుట్టించును. బొచ్చె, రోహు చేపలు గల చెరువులో ఇట్లు జరిగినచో అవి తెల్లవాఱుజామున పైకి తేలి నోరు తెఱచును. రైతు వెంటనే గ్రహించును. మార్పు చేప గాలికై పైకి వచ్చుట నిత్యకృత్యమే గనుక ఆ గుర్తు ఇచట తేలికగా తెలియదు. అది బ్రతికియే ఉండును. కాని మొప్పలు చెడి, ఆకలి తగ్గి, తిన్నది ఒంటికి పట్టదు. చేపలన్నియు మాటిమాటికి పైకి వచ్చుచున్నను, అడుగు బురద నల్లబడి దుర్గంధము వచ్చుచున్నను, ఒక దినము మేత మాని, నీటిలో నాలుగవ వంతు తీసి క్రొత్త నీరు పెట్టవలెను.

పై ఉదాహరణలో చేపలు 10 కిలోల నుండి 85 కిలోలైనవి. పెరిగినది 75 కిలోలు. కిలో పెరుగుదలకు 2 కిలోల మేత పట్టినచో ఖర్చయినది 150 కిలోలు. కొలత లేక 3 కిలోలు పట్టినచో 225 కిలోలు. హెచ్చుగా పడిన ఆ 75 కిలోల మేత చేపగా మాఱలేదు, బురదగా మాఱినది. రైతు తన ఊరి ధరను దీనికి వేసికొని చూచినచో, ఒక త్రాసు, నాలుగు తట్టలు, ఒక లెక్క పుస్తకము ఎంత ఆదా చేయునో తెలియగలదు.

జ్ఞాపకముంచుకొనవలసినవి

ఒకే పరిమాణము గల నాటు పిల్లలను వదలవలెను. చేపల పొడి లేని మేతతో తృప్తిపడరాదు. బూజు పట్టిన చెక్కను పారవేయవలెను. 15 దినముల కొకసారి తూచి మేతను సవరింపవలెను. ప్రతి దినము తట్టలను ఎత్తి చూడవలెను. చేప బ్రతికియున్నదని సంతసింపక, బరువు హెచ్చినదా యని విచారింపవలెను.