ఎముకల బలమునకు ఎండయా, మాత్రయా?

చలికాలమున ప్రతివారును డి విటమిను మాత్రలు వాడవలెనను మాట నేడు మన గ్రామములలో కూడ వినబడుచున్నది. ఇంగ్లండు ఆరోగ్యాధికారులు 2016లో తమ ప్రజలకు ఇట్టి సలహాయే ఇచ్చిరి. అచ్చట అక్టోబరు నుండి మార్చి వరకు సూర్యుడు మిక్కిలి క్రిందుగా సంచరించును. ఆ కాలపు టెండ వలన శరీరమున డి విటమిను తయారు కాదు. అందుచే దినమునకు 400 యూనిట్లు మాత్రల రూపమున పుచ్చుకొనుట మంచిదని వారు చెప్పిరి. ఈ సలహా కృష్ణా డెల్టాకు కూడ వర్తించునా? పంచాయతీ సభ్యులు దీనిని చక్కగా తెలిసికొనుట అవసరము.

డి విటమిను చేయు పని

ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమునకు సోకినపుడు ఈ విటమిను పుట్టును. మనము తిన్న ఆహారములోని కాల్షియమును ప్రేగులు గ్రహించుటకు ఇది తోడ్పడును. ఇది కొరవడిన పిల్లలకు ఎముకలు మెత్తబడి దొడ్డికాళ్ళు వచ్చును. పెద్దలకు ఎముకల నొప్పి, కండరముల నీరసము కలుగును.

ఎండ యున్నను లోపమేల?

విజయవాడ ప్రాంతమున చలికాలమున కూడ మధ్యాహ్నపు టెండకు చాలినంత బలము గలదు. మనకు మబ్బు పట్టిన నెలలు ఆషాఢ, శ్రావణ, భాద్రపదములు. అయినను లోపము లేదని అనుకొనరాదు. తిరుపతి ప్రాంతపు ప్రజలను పరీక్షించి 2007లో ప్రకటించిన పరిశోధనలో, పట్టణవాసులకన్న పల్లెవారి స్థితి మెరుగుగా నున్నను, ఎండలో పాటుపడు వారిలో సైతము పలువురికి ఈ విటమిను చాలినంత లేదని తేలినది. వారి ఆహారమున కాల్షియము కూడ తక్కువగా నుండెను.

మన డెల్టాలో నాట్లు వేయు స్త్రీలు చీరపై పొడుగు చేతుల చొక్కా తొడిగి, తలకు గుడ్డ చుట్టుకొందురు. ఎండదెబ్బకు అది మంచి రక్షణయే గాని, చర్మమునకు సోకు ఎండ కొంచెమే. ఇల్లు కదలని వృద్ధులకు, బాలింతలకు, పసిబిడ్డలకు అదియు లేదు.

ఉదయపు లేత యెండ చాలునని పలువురి నమ్మకము. ఆ యెండలో ఈ కిరణములు స్వల్పము. మన నీడ మన యెత్తుకన్న పొట్టిగా నున్న వేళ యెండయే ఫలప్రదము. కార్తికము నుండి మాఘము వరకు పదునొకండు గంటల తరువాత ముఖము, చేతులు, కాళ్ళకు ఎండ తగులునట్లు కొంతసేపు మెలగుట మేలు. రోహిణి కార్తె ఎండలో మాత్రము ఇట్టి సాహసము కూడదు.

ఆహారము

ఎండతో పాటు కాల్షియము కూడ కావలెను. మరపట్టిన బియ్యమున అది మిక్కిలి తక్కువ. పాలు, పెరుగు, రాగులు, మునగాకు, ముల్లుతో తినదగు చిరుచేపలు దీనిని సమకూర్చును. డి విటమిను చేర్చిన పాలపైనను, నూనెపైనను ప్లస్ ఎఫ్ గుర్తు ఉండును.

మాత్రలు ఎవరికి?

తల్లిపాలలో డి విటమిను స్వల్పము. కనుక శిశువులకు మొదటి ఏడాది దినమునకు 400 యూనిట్ల చుక్కలు వేయవలెనని పిల్లల వైద్యులు చెప్పుదురు. ఎండ తగలని పెద్దలకు దినమునకు 600 యూనిట్లు కావలెనని 2020లో జాతీయ పోషకాహార సంస్థ నిర్ణయించినది. లోపమున్నవారికి ఈ మందు నిజముగా మేలు చేయును. కాని లోపము లేని ఆరోగ్యవంతులకు లాభము కనబడలేదు. అమెరికాలో 25 వేలమందికి పైగా పాల్గొన్న పరిశోధన ఫలితములు 2022లో ప్రకటింపబడినవి. మాత్రలు వాడినవారిలో ఎముకలు విరుగుట తగ్గలేదు.

ఒక హెచ్చరిక

బజారులో దొరకు 60,000 యూనిట్ల గుళికను, పొడి పొట్లమును సాధారణముగా వారమునకు ఒకటి చొప్పున, కొద్ది వారములు మాత్రమే వైద్యులు వ్రాయుదురు. దానిని పొరపాటున దినమున కొకటిగా మ్రింగినచో రక్తమున కాల్షియము హెచ్చి వాంతులు, మలబద్ధము, అతిదాహము కలుగును. మూత్రపిండములు చెడిపోవు ప్రమాదము గలదు. ఎండ వలన పుట్టు డి విటమిను ఇట్లు హద్దు మీరదు. చర్మమే దానిని అదుపులో నుంచును. మందునకు అట్టి అదుపు లేదు.

పంచాయతీలు చేయదగిన పనులు

1. బిడ్డలకు చుక్కలు అందుచున్నవో లేదో ఆశా కార్యకర్త ద్వారా విచారింపవలెను.

2. అంగన్‌వాడీ పాలు, గ్రుడ్లు గర్భిణులకును, పిల్లలకును సక్రమముగా చేరునట్లు చూడవలెను.

3. దొడ్డికాళ్ళు గల పిల్లలను, నడువలేని వృద్ధులను ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపవలెను.

4. "వారమున కొకటి" అని వ్రాసిన మందును వారమున కొకటిగానే వాడవలెనని గ్రామసభలో చదువురాని వారికి విప్పి చెప్పవలెను. పొట్లముపై వారము పేరు వ్రాసి యిచ్చుట ఇంకను మంచిది.

వీనిలో ఏ పనికిని పెద్ద మొత్తము అక్కరలేదు. ఎండ ఉచితము, మునగచెట్టు పెరటిలోనిది. మందు మాత్రము వైద్యుని మాట పైననే వాడదగినది. ఈ భేదమును ఇంటింట తెలియజేసిన పంచాయతీ తన గ్రామములోని పిల్లల ఎముకలకు మేలు చేసినదగును.