అడవి ఒక్క రాత్రిలో అంటుకోదు



నల్లమల చుట్టుపక్కల విచారణల్లో ఉన్నవారికి ఎండాకాలంలో ఒక దృశ్యం అలవాటే. రాత్రిపూట కొండ మీద ఎర్రటి గీత వంకరటింకరగా పాకుతూ కనిపిస్తుంది. "కొండ కాలుతోంది" అనుకుంటాం, తలుపు వేసుకుని పడుకుంటాం. తెల్లవారేసరికి అది ఆరిపోయి ఉంటుంది, లేదా అవతలి లోయలోకి దిగిపోయి ఉంటుంది. అది ఎలా పుట్టింది, ఎవరు ఆర్పారు అని అడిగేవారు తక్కువ. ఈ వారం దాని గురించే మాట్లాడుకుందాం. అయితే ముందుగా మిమ్మల్ని చాలా దూరం, అమెరికాకు తీసుకువెళ్లాలి. ఒక కార్చిచ్చు ఎలా తయారవుతుందో కళ్లారా చూసి, దాని నుండి బతికి బయటపడి, పూసగుచ్చినట్టు రాసిపెట్టినవారు అక్కడ ఒకరున్నారు. ఆయన ఒక విచారణ గురువు.

ఆయన పేరు ఫాదర్ పీటర్ పెర్నిన్, ఫ్రాన్సు దేశస్థుడు. 1871లో విస్కాన్సిన్ రాష్ట్రంలోని పెష్టిగో, మారినెట్ అనే రెండు ఊళ్ల కతోలికులు ఆయన సంరక్షణలో ఉండేవారు. పెష్టిగో కలప మీద బతికే ఊరు. చుట్టూ దట్టమైన అడవి, మధ్యలో నది, ఒడ్డున కోత మిల్లు, చెక్క బకెట్లూ తొట్లూ తయారుచేసే కర్మాగారం. ఇళ్లు చెక్కవే, కాలిబాటలు చెక్కవే, వీధుల్లో పరిచింది రంపపు పొట్టు.

ఆ ఏడు వేసవిలో వానలు ముఖం చాటేశాయి. చిత్తడి నేలలు కూడా ఎండి, నేల లోపలి వేళ్లు సైతం కాలే స్థితికి వచ్చాయి. అయినా జనం పనులు ఆపలేదు. కొత్తగా వచ్చిన రైతులు చెట్లు నరికి పొలం కోసం తగలబెట్టారు. రైలుమార్గం వేసే కూలీలు దారికి అడ్డమైన కంపను కుప్పలు పోసి అంటించారు. వేటగాళ్లు చలిమంట వేసుకుని, ఆర్పకుండానే ముందుకు సాగిపోయారు. వారాల తరబడి అడవిలో అక్కడొకటి ఇక్కడొకటి మంటలు రగులుతూనే ఉన్నాయి. సెప్టెంబరు చివర్లో ఒకసారి మంట ఊరి పొలిమేర దాకా వచ్చింది. జనం నీళ్లు మోసి కాపాడుకున్నారు. గండం గడిచిందనుకున్నారు.

అక్టోబరు 8, ఆదివారం. ఆ సాయంకాలం గాలిలో ఏదో తేడా ఉందని ఫాదర్ పెర్నిన్‌కు తోచింది. తోటలో గొయ్యి తవ్వి పెట్టెలూ పుస్తకాలూ పూడ్చిపెట్టారు. చుట్టుపక్కలవారు చాలామంది పట్టించుకోలేదు. రాత్రి నైరుతి నుండి పెనుగాలి లేచింది. అన్నాళ్లూ విడివిడిగా రగులుతున్న నిప్పులన్నిటినీ అది ఒక్కటి చేసింది. ఆయన దివ్యసత్ప్రసాద మందసాన్ని తెరవబోతే తొందరలో తాళంచెవి చేజారింది. వెదికే వ్యవధి లేక మందసాన్నే ఎత్తి బండిలో పెట్టుకుని నదివైపు లాగారు. వంతెన మీద ఘోరం జరిగింది. ఈ ఒడ్డువారు ఆ ఒడ్డు క్షేమమనుకున్నారు, ఆ ఒడ్డువారు ఈ ఒడ్డు క్షేమమనుకున్నారు. ఇరువైపులవారూ మధ్యలో ఎదురుపడి కిక్కిరిశారు.

నది గట్టు మీద జనం కదలకుండా నిలబడి మంటలకేసి చూస్తున్నారట. ఫాదర్ పెర్నిన్ తన ఇరుపక్కల ఉన్నవారిని నీళ్లలోకి తోసేశారు. అందులో ఒకరు తడిసిపోయానని గొణుగుతూ తిరిగి గట్టెక్కారట! భయం మనిషి బుద్ధిని ఎంతగా మొద్దుబారుస్తుందో చూడండి. సుమారు అయిదున్నర గంటలు ఆయన మెడలోతు నీళ్లలో ఉన్నారు. తలలు కాలకుండా ఒకరి మీద ఒకరు నీళ్లు చల్లుకున్నారు. కొందరు మంటలకు పోయారు, కొందరు ఆ చన్నీళ్లకే పోయారు. ప్రాణాలు దక్కుతాయని బావుల్లోకి దిగినవారూ దక్కలేదు. మందసం మాత్రం మూడు రోజుల తర్వాత నదిలో తేలే ఒక దుంగ మీద చెక్కుచెదరకుండా కనిపించింది.

ఆ కార్చిచ్చుకు 12 లక్షల ఎకరాలు కాలిపోయాయి. చనిపోయినవారు 1,200 నుండి 2,500 దాకా ఉంటారని అంచనా. గుర్తుపట్టలేని సుమారు 350 మందిని ఒకే గోతిలో పూడ్చారు. అదే రాత్రి షికాగో నగరం కూడా అంటుకుని సుమారు 300 మంది పోయారు. షికాగో మహానగరం గనుక లోకమంతా దాన్నే గుర్తుపెట్టుకుంది.

ఫాదర్ పెర్నిన్ తన పుస్తకానికి దేవుని వేలు అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఇది దైవశిక్షేనా అని మీలో కొందరు అడుగుతారు. సిలోయము బురుజు కూలి మరణించిన 18 మంది గురించి ప్రభువు ఏమన్నారో లూకా 13వ అధ్యాయంలో చదవండి. పెష్టిగోవారు ఇతరులకంటె పాపాత్ములు కారు. సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు మూలకారణం వేరు, ఉపకారణాలు వేరు అని మాకు నేర్పారు. అన్నిటినీ మూలకారణానికి అప్పగించి చేతులు దులుపుకుంటే ఉపకారణాలను వెదికే పని తప్పించుకున్నట్టే. ఆ గురువు మాత్రం తప్పించుకోలేదు. ఎండిన నేల, నరికి వదిలేసిన కొమ్మలు, ఆర్పని మంటలు అన్నిటినీ వరుసగా రాశారు.

మంటకు కావలసినవి మూడే: కాలే పదార్థం, ప్రాణవాయువు, వేడి. అడవిలో గాలిని ఆపలేం. మైళ్ల పొడవున నీళ్లు చల్లి చల్లార్చడం కుదిరే పని కాదు. మిగిలింది మొదటిదే. అందుకే కార్చిచ్చుతో పోరాటమంటే ముఖ్యంగా దాని నోటి దగ్గర కూడు లాగేయడం. మంటకు ముందుగా ఆకులూ గడ్డీ ఊడ్చి, నేల బయటపడేలా బాట తీస్తారు. వీటిని ఫైర్ లైన్లు అంటారు. చిన్న మంటను పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పుతారు, ఇప్పుడు ఆకులను ఎగదోసే బ్లోయర్ యంత్రాలు కూడా వచ్చాయి. పెద్ద మంటకు ఎదురుమంట పెడతారు. ఫైర్ లైను దగ్గర అంటించి, వచ్చే మంటకు ఎదురు పంపితే రెండూ కలిసేచోట కాలడానికి ఏమీ మిగలదు. ఇది ఆరితేరినవారి పని, మనలాంటివారు ప్రయత్నించకూడదు.

హెలికాప్టర్లూ ఉన్నాయి. 2014 మార్చిలో శేషాచలం అడవులు అంటుకున్నప్పుడు, 2016లో ఉత్తరాఖండ్ కొండలు కాలినప్పుడు వైమానిక దళం వాటిని దించింది. కానీ గాలి తోడైన మంట ముందు యంత్రాలు కూడా చిన్నబోతాయి. 2019-20లో ఆస్ట్రేలియా దగ్గర విమానాలకు కొదవ లేదు, అయినా న్యూ సౌత్ వేల్స్‌లో చాలా మంటలు చల్లారింది ఫిబ్రవరి వానలకే.

ఒక మాట చెప్పాలి. నిప్పంతా చెడ్డదని అనుకోవద్దు. వేడి తగిలితేనే కాయలు విచ్చుకునే పైన్ చెట్లున్నాయి. అమెరికావారు 1935లో ఏ మంటనైనా మర్నాడు ఉదయం పది గంటలలోపు అదుపు చేయాలని నియమం పెట్టుకున్నారు. దశాబ్దాల పాటు చిన్న మంటలను కూడా అలా ఆర్పేస్తే ఎండుకంప పేరుకుపోయి పెద్ద మంటలకు మేతైంది. చివరికి 1970లలో ఆ నియమాన్ని వదిలారు.

ఇక మన అడవులకు వద్దాం. ఇక్కడ మంట ఎక్కువగా నేల మీదే పాకుతుంది, చెట్ల తలలకు ఎక్కదు. అందుకే మనకు నష్టం కనబడదు. పెద్ద టేకు చెట్టు నిలబడే ఉంటుంది, దాని కింద మొలిచిన పిల్లమొక్కలు మాడిపోతాయి. ఏటేటా ఇలా జరిగితే ముసలి చెట్లే తప్ప పిల్లలు లేని ఇల్లులా అవుతుంది అడవి. నేల మీది పక్షుల గూళ్లు, తాబేళ్లు పోతాయి. ఆకుల కప్పు పోయిన మట్టి తొలకరికే కొట్టుకుపోయి చెరువుల్లో పూడిక అవుతుంది.

ఈ మంటలు పిడుగులతో వచ్చేవి బహు అరుదు. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా చెట్టు కింద ఆకులు అంటిస్తారు. తునికాకు లేతగా చిగురించాలని పొదలు కాలుస్తారు. గొర్రెలకు పచ్చిక మొలవాలని కాపరులు గడ్డికి నిప్పుపెడతారు. పోడు కోసం కొట్టిన కంపను తగలబెడతారు. దారిన పోయేవారు బీడీ ముక్క విసురుతారు. వీరిలో చాలామంది పొట్టకూటికి చేసేవారే, దుర్మార్గులు కారు. పెష్టిగో రైతులూ అంతే. రిజర్వు అడవిలో నిప్పుపెట్టడం చట్టరీత్యా నేరమే. అయితే కేసులతోనే ఇది ఆగుతుందని నేననుకోను.

ఇప్పుడు ఉపగ్రహాలు మంటను కనిపెడితే డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా నుండి కబురు ఫోన్లకు వస్తోంది. కబురు ఎంత తొందరగా వచ్చినా కొండెక్కి కొట్టి ఆర్పవలసింది మనుషులే. నల్లమలలో ఆ కాపలా పని చేసేవారిలో చెంచులు ఉన్నారు.

కొండల్లోకి యాత్రలకూ కట్టెలకూ వెళ్లేవారు ఒకటి గుర్తుంచుకోండి. మంట ఎగువకు వేగంగా పరుగెత్తుతుంది. తమిళనాడులోని కురంగణి కొండల్లో 2018 మార్చిలో విహారానికి వెళ్లినవారిని ఎండుగడ్డి మంట చుట్టుముట్టి 20 మందికి పైగా ప్రాణాలు తీసింది. మంట కనబడితే దానికంటె పైకి ఎక్కవద్దు. గాలి వీచే వైపుకు పరుగెత్తవద్దు, పక్కకు తప్పుకుని వాగో, రాతినేలో, అప్పటికే కాలి చల్లారిన నేలో చేరుకోండి.

ఇప్పపువ్వు సంగతి కూడా చెప్పి ముగిస్తాను. చెట్టు కింద నిప్పు పెట్టే బదులు చీపురుతో ఊడ్చి, పాత చీరలో వలలో పరచడం కొన్ని రాష్ట్రాల్లో మొదలైంది. పువ్వుకు మసి అంటదు, మట్టి అంటదు. అలాంటి శుభ్రమైన పువ్వుకు వ్యాపారులు ఎక్కువ ధర ఇస్తున్నారు.