దండ వేసే ముందు ఈల అందుకోండి

అమృతలూరు, గోవాడ, ఇంటూరు... ఈ డెల్టా ఊళ్లలో ఎక్కడ చూసినా ఇలాంటి మనిషి ఒకరు తగులుతారు. పగలు పంచాయతీ ఆఫీసులోనో, బడిలోనో, ఆర్టీసీ డిపోలోనో ఉద్యోగం. పొద్దు వాలేసరికి మెడలో ఈల, చేతిలో ముగ్గు డబ్బా. సంక్రాంతికి వాలీబాల్ పోటీలు పెట్టాలన్నా, వేసవిలో కుర్రాళ్లకు కబడ్డీ నేర్పాలన్నా ఆయనే. చందా తక్కువ పడితే జేబులోంచి వేసేదీ ఆయనే.

ఆయన పోతే సంతాప సభ పెడతాం. షామియానా, ఫొటో, దండ, రెండు నిమిషాల మౌనం. మైకు పట్టుకున్న ప్రతివాడూ ‘ఆయన లేని లోటు తీర్చలేనిది’ అంటాడు. ఆ మాట నాకు గిట్టదు. తీర్చలేనిదని తేల్చేస్తే, తీర్చే పని మన నెత్తిన పడదు కదా! ఆదివారం పొద్దున్నే పిల్లలు మాత్రం గ్రౌండుకు వస్తారు. నెట్టు ఏ గదిలో ఉందో, తాళం ఎవరి దగ్గరుందో తెలియక కాసేపు నిలబడి వెళ్లిపోతారు. కొన్నాళ్లకు రావడం మానేస్తారు.

ఉద్యోగం చేసుకుంటూ ఆటకు ఒళ్లు వంచినవాళ్లలో మన తెలుగు నేల మీద అందరికన్నా పెద్దపేరు సయ్యద్ అబ్దుల్ రహీంది. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. వృత్తి బడిపంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బరువు దించలేదు. ఆయన శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టుకూ ఆయనే శిక్షకుడు. 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం వచ్చింది. మరుసటేడు హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో 10-1తో చిత్తయ్యాం. మనవాళ్లలో చాలామంది ఉత్త కాళ్లతోనే ఆడారు. ఆ దెబ్బకు చతికిలపడి కూర్చోలేదు రహీం. 1956 మెల్‌బోర్న్ నాటికి ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్‌కు చేరిన జట్టు తయారైంది.

ఇదంతా రికార్డుల్లో దొరుకుతుంది. నన్ను పట్టి లాగేది, ఆయన కుర్రాళ్లకు పెట్టిన పోటీలు. ఒక పోటీలో బంతిని కాలి కిందే తిప్పుకుంటూ పోవడానికి వీల్లేదు, అందగానే పక్కవాడికి ఇచ్చేయాలి. ఇంకో పోటీలో చేతకాని కాలితోనే కొట్టాలి. కుడికాలు వాటమున్నవాడికి ఎడమకాలే గతి. ఆ కుర్రాడి అవస్థ ఊహించండి. బంతి ఒకవైపు, కాలు ఒకవైపు, గట్టు మీద స్నేహితుల నవ్వులు! అయినా ఆట ఆగదు, ఎందుకంటే ఎదుటివాడి అవస్థా అదే. అందరూ ఒకేసారి తప్పులు చేస్తుంటే తప్పు చేయాలంటే సిగ్గు పోతుంది. ఖరీదైన కోర్సుల్లో కూడా ఈ కిటుకు ఇంత సూటిగా చెప్పరు.

మీకు చేతకాని కాలు ఏదో మీకు తెలుసు. నలుగురిలో మాట్లాడలేకపోవడమా, డబ్బు లెక్క రాసుకోలేకపోవడమా, ‘కాదు’ అని చెప్పలేకపోవడమా? దాన్ని ఒంటరిగా గదిలో సాధన చేయకండి. అదే లోపం ఉన్న మరో ఇద్దరిని వెతికి పట్టుకుని వారానికి ఒక గంట దానితోనే ఆడండి.

1962 జకార్తా ఆసియా క్రీడలకు వెళ్లేనాటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా 2-0తో ఓడించింది. ఫైనల్లో మళ్లీ ఆ జట్టే ఎదురైంది. నుదుటికి కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను ముందువరసలో ఆడించారు రహీం. ప్రేక్షకులంతా మనకు వ్యతిరేకం. పీకే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి కొట్టారు. 2-1తో స్వర్ణం. మరుసటి జూన్‌లో రహీం కన్నుమూశారు.

ఆ తరవాత? ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మనకు మళ్లీ స్వర్ణం లేదు. 1970లో ఒక కాంస్యం, అంతే. 1960 తరవాత ఒలింపిక్స్ ఫుట్‌బాల్ గడప తొక్కనే లేదు. అన్నిటికీ ఒక్క మనిషి లేకపోవడమే కారణమంటే అన్యాయం. కానీ గల్లీల్లో ఆయన నడిపిన ఆ వింత పోటీలను ఆయన తరవాత అంత పట్టుదలగా నడిపించిన వ్యవస్థ లేదు. విగ్రహం పెట్టడం కన్నా అది కష్టమైన పని మరి. కొడుకు సయ్యద్ షాహిద్ హకీం మాత్రం తన వంతు బరువు మోశారు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడరుగా కొలువు చేస్తూనే ఆటను వదల్లేదు. 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు, ఆపైన అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం వచ్చింది. 2021లో పోయారు.

మీ ఊళ్లో అలాంటి మనిషి ఇంకా ఉంటే, ఆయన ఉండగానే పక్కన చేరండి. శాలువాలు ఆయన బీరువాలో ఈపాటికే నిండి ఉంటాయి. స్కోరు రాసే పని అడగండి, ఇస్తారు. ఉద్యోగంలో ఉన్నవాళ్లు రోజూ వస్తామని మాటివ్వొద్దు. నిలబెట్టుకోలేరు, పిల్లలకు నమ్మకం పోతుంది. వారంలో ఒక్కపూట చాలు, ఆ పూట మాత్రం పెళ్లి ఉన్నా వాన పడ్డా తప్పకూడదు. ఆయన నోటుపుస్తకం చూపించమనండి. ఏ ఊరి జట్టుకు ఎవరికి కబురు పెట్టాలి, బంతులు ఎక్కడ చవక, కిందటేడు భోజనాలకు ఎంతయింది, అన్నీ అందులోనో ఆయన తలలోనో ఉంటాయి. తలలో ఉన్నవి ముందు రాసుకోండి.

మన బిడ్డను జట్టులోకి తోసే ఆలోచన ఉంటే ఈ పనికి రాకండి. ఆ ఒక్క అనుమానం చాలు, ఊరు రెండుగా చీలడానికి. చందా లెక్కలు నెలనెలా పంచాయతీ బోర్డు మీద అంటించండి. ఇక అమ్మాయిల జట్టును తెనాలికో బాపట్లకో తీసుకెళ్లాల్సి వస్తే, వెంట వచ్చే ఆడమనిషితో వారం ముందే మాట్లాడి పెట్టుకోండి. బస్సెక్కే పొద్దున వెతికితే ఎవరూ దొరకరు.