మధ్యనుండి అంచువరకు

సూరతు నగరములోని ఉధ్నాలో దినమెల్ల మరమగ్గముల చప్పుడు వినవచ్చుచుండును. తెలంగాణ జిల్లాలనుండి వలసవచ్చిన నేతపనివారి కుటుంబములు అనేకము ఆ ప్రాంతమున స్థిరపడినవి. మగ్గముమీద బట్ట వెడల్పు మొదటి పోగుతోనే నిర్ణయమగును. అటుపిమ్మట నిడివి మాత్రమే పెరుగును. చేతితో అల్లు చదరపు శాలువ అట్టిది కాదు. అది నడుమనున్న చిన్న ఉంగరమునుండి నాలుగు దిక్కులకు సమముగా పెరుగును. చేతిలోని ఊలునుబట్టి తోచినచోట ముగించవచ్చును. అయితే ఈ సౌకర్యములోనే ఒక అపాయమున్నది. దానిని తప్పించునది లెక్క. ఆ లెక్కను ఈ పాఠమున నేర్చుకొందము.

1. కుట్ల లెక్క

క్రోషే సూదితో నాలుగు గొలుసు కుట్లు వేసి ఉంగరముగా కలుపుడి. మొదటి చుట్టున ఆ ఉంగరములోనికే, సూదిపై దారమును ఒకమారు చుట్టి వేయు పొడవు కుట్లను, మూడేసి చొప్పున నాలుగు గుంపులు వేయుడి. ప్రతి గుంపు తరువాత వేయు రెండు గొలుసు కుట్లు మూల యగును. ప్రతి చుట్టు ఆరంభమున వేయు మూడు గొలుసు కుట్లను ఒక పొడవు కుట్టుగా లెక్కించి, చుట్టు చివర వాటి కొనకు కలుపవలెను.

రెండవ చుట్టునుండి క్రింది కుట్టొక్కంటికి ఒక కుట్టు వేయుచు, ప్రతి మూలలో రెండు పొడవు కుట్లు, రెండు గొలుసు కుట్లు, మరల రెండు పొడవు కుట్లు వేయుడి. ఇట్లు ఒక్కొక్క భుజమున పొడవు కుట్లు 3, 7, 11, 15 అని నాలుగేసి పెరుగును. చుట్టు సంఖ్యను నాలుగుతో హెచ్చవేసి ఒకటి తీసివేసినచో భుజమునందలి కుట్లు తెలియును. పదవ చుట్టున 39 ఉండవలెను.

మూలలలో కుట్లు తగ్గినచో నడుమ గిన్నెవలె గుంట పడును. ఎక్కువైనచో అంచు కుచ్చిళ్లు పడును. నా మొదటి శాలువలో ఐదవ చుట్టున ఒక మూల రెండు కుట్లు మరచితిని. పదునెనిమిదవ చుట్టు ముగిసినప్పుడు గాని ఆ వంకర నా కంటబడలేదు. పదునాలుగు చుట్లు విప్పవలసివచ్చెను. నడుమనున్న తప్పును అంచున దిద్దుట సాధ్యము కాదు. గనుక ప్రతి చుట్టు చివర నాలుగు భుజములను లెక్కించుడి.

2. ఊలు లెక్క

నలుబది చుట్ల శాలువలో పొడవు కుట్లు 12,960. ఒక్కొక్క చుట్టు ఎత్తు 1.25 సెంటీమీటర్లయినచో శాలువ భుజము ఒక మీటరగును. ఇరువది చుట్లు ముగియగానే సగము పని తీరినదని మనస్సు సంతోషించును. కాని అప్పటికి వేసిన కుట్లు 3,280 మాత్రమే, అది పావువంతు. ఇరువదియెనిమిదవ చుట్టు ముగిసినప్పుడు 6,384 అగును. అదియే ఇంచుమించు సగము. కడపటి పండ్రెండు చుట్లు మిగిలిన సగము ఊలును మ్రింగివేయును.

కాబట్టి ఇరువదవ చుట్టు కాగానే శాలువను తూచుడి. ఆ బరువునకు నాలుగింతలు ఊలు మొత్తముమీద కావలెను. చాలనియెడల అప్పుడే అదే లాటు నంబరుగల ఉండలను కొనుడి. లాటు మారినచో రంగులో భేదము కనబడవచ్చును. కొనలేనియెడల చుట్లు తగ్గించుకొనుడి. చిన్నదైనను పూర్తియైన శాలువ చలి నాపును.

3. శ్రమ లెక్క

పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ కుటుంబముల స్త్రీలు గోదావరి ప్రాంతపు బాలికలకు లేసు అల్లుట నేర్పిరి. ఆ పని నర్సాపురమున గొప్ప పరిశ్రమగా వ్యాపించెను. 2024లో నర్సాపురపు క్రోషే లేసునకు భౌగోళిక గుర్తింపు లభించినది. అయితే 1982లో ఆ స్త్రీలను గూర్చి గ్రంథము ప్రకటించిన మరియా మీస్, వారి పనిని ఇల్లాండ్ర తీరిక కాలపు వ్యాపకముగా ఎంచుటవలననే దాని విలువ కనబడకపోయెనని చూపెను. నేడు సూరతులో ఇంటియొద్ద చీరలకు రాళ్లు అంటించి, దారములు కత్తిరించి, లెక్క చొప్పున కూలి పుచ్చుకొను స్త్రీలకును ఈ మాట తగును.

నిమిషమునకు పది కుట్ల చొప్పున వేసినను 12,960 కుట్లకు ఇరువదియొక్క గంటల ముప్పదియారు నిమిషములు పట్టును. శాలువను అమ్మదలచిన సహోదరి ఊలు ధర మాత్రమే చెప్పి ఊరకుండరాదు. తన గంటలను కూడ చెప్పవలెను. కొనువారును ఆ గంటలను అడిగి తెలిసికొనుట న్యాయము. లెక్కించని శ్రమను ఉచితముగా తీసికొనుటకు లోకము త్వరగా అలవాటుపడును.

అభ్యాసము

1. పండ్రెండవ చుట్టున ఒక్కొక్క భుజమునందు ఎన్ని కుట్లుండవలెను?
2. పది నిమిషములలో మీరెన్ని కుట్లు వేయగలరో గడియారము చూచి లెక్కించుడి.
3. మీ ఇంట తల్లిగాని అక్కగాని చేయు ఏ పనిని ఇంతవరకు ఎవరును లెక్కించలేదు?