అడుగు రొట్టె సంగతి

షికాగో,
జనవరి 20

అమ్మలూ,

నువ్వు పంపిన ఫొటోని నాలుగుసార్లు పెద్దది చేసి చూశాను. పైన చూస్తే ట్రే పెళ్ళికూతురి బుగ్గలా మెరిసిపోతోంది. గసగసాలు ఎంత పొందిగ్గా అంటుకున్నాయో! దాని కింద నువ్వు రాసిన ముక్క మాత్రం గుండెలో గుచ్చుకుంది. "అందరూ చెంచాలతో తిన్నారు పెద్దమ్మా."

క్రిస్మస్‌కి జరిగిందేదో జరిగింది. కానీ సూపర్ బౌల్ నాడు 20 మందిని పిలిచి మళ్ళీ అవే స్లైడర్లు, ఆ చిన్న బీఫ్ సాండ్‌విచ్‌లు, చేస్తున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పటినించీ నాకు కుదురు లేదు. మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. దాని దగ్గరికి తర్వాత వస్తాను. ముందు తడిసి ముద్దయిన ఆ అడుగు రొట్టె సంగతి తేలాలి.

ఇందులో నీ తప్పేం లేదు తల్లీ. మన ఇంట్లో చూసింది వేరు. గుంటూరులో మనకి దొరికేది ఎక్కువగా గేదె మాంసం, దున్న మాంసం. నల్లగా, పీచుగా, కొవ్వు అంతంతమాత్రంగా ఉండేది. మా అమ్మ రెండు గరిటెల నూనె పోసి, దాకలో పెట్టి, ఆదివారం గుడికి వెళ్ళేముందు సన్న సెగ మీద వదిలేస్తే మేం తిరిగొచ్చేసరికి గోంగూర వెయ్యడానికి సిద్ధంగా ఉండేది. ఆ మాంసం నూనె తాగేది. ఇక్కడి మాంసం నూనె కక్కుతుంది. తేడా అంతా అక్కడుంది.

నువ్వు కొన్న గ్రౌండ్ బీఫ్ ప్యాకెట్ మీద 80/20 అని ఉండి ఉంటుంది. అంటే నూటికి ఇరవై పాళ్ళు కొవ్వే. పౌండంటే 453 గ్రాములు, అందులో 90 గ్రాములు కొవ్వు. ఈసారి బీఫ్‌వి మూడు ట్రేలు చేస్తావు కదా, ట్రేకి 12 రోల్స్, ఒకటిన్నర పౌండ్ల మాంసం. మొత్తం నాలుగున్నర పౌండ్లు. లెక్కేసి చూడు, 400 గ్రాముల కొవ్వు. లీటరు నూనె ప్యాకెట్లో దాదాపు సగం. అదంతా కరిగి రాకపోయినా, వచ్చినంత మేరకు ఎక్కడికి పోతుంది? కింద స్పాంజిలాంటి రొట్టె నోరు తెరుచుకుని కూర్చునుంది.

అందుకని 90/10 కొను. లేదా 80/20 కొని వడగట్టు. నేనైతే రెండోదే చేస్తాను, రుచి కొవ్వుతోనే వస్తుంది కాబట్టి. మూకుడులో మాంసాన్ని పొడిపొడిగా విడదీస్తూ వేయించి, చిల్లుల గిన్నెలోకి వంచి, అయిదు నిమిషాలు ఊరికే వదిలెయ్. తర్వాత పేపర్ టవల్ మీద ఒక్కసారి ఒత్తు. కారిన కొవ్వుని సింకులో పొయ్యకు, గొట్టంలో గడ్డ కట్టి ప్లంబర్‌కి డబ్బు పోసిందాకా వదలదు. ఖాళీ డబ్బాలో పోసి, పేరుకున్నాక చెత్తలో వెయ్.

ఉల్లిపాయలు కూడా ఇలాగే దెబ్బతీస్తాయి. ట్రేకి రెండు పెద్దవి తరిగి, విడిగా, తడి పూర్తిగా ఇగిరిపోయి గోధుమరంగు తిరిగేదాకా వేయించు. "మెత్తబడితే చాలులే" అనుకుంటావు, నీ సంగతి నాకు తెలుసు. చాలదు. టమాటా ముక్క, పికిల్ ముక్క ఓవెన్లోకి పోనే పోకూడదు. పక్కన గిన్నెలో పెట్టు, కావలసినవాళ్ళు వేసుకుంటారు.

నీ దగ్గు తగ్గిందా? కొలంబస్‌లో చలి మాకంటే కొంచెం నయమే అయినా, తల తడిగా ఉండగా బయటికి వెళ్ళకు.

నా మొదటి ట్రే కథ నీకు చెప్పలేదు కదూ. నేను అమెరికా వచ్చింది 1985 ఆకురాలే కాలంలో. 1986 జనవరి 26న మా ఊరి ఫుట్‌బాల్ జట్టు షికాగో బేర్స్ సూపర్ బౌల్ ఆడారు. ఊరు ఊరంతా పిచ్చెక్కినట్టుంది. ఆ రాత్రి మా ఆసుపత్రి వార్డులో డ్యూటీ ఉన్నవాళ్ళం తలో వంటకం తెచ్చుకోవాలని అనుకున్నాం. నాకు ఫుట్‌బాల్ గురించి ఓనమాలు రావు. కానీ ఫిలిప్పీన్స్ నించి వచ్చిన ఒక నర్సు దగ్గర ఈ చిన్న సాండ్‌విచ్‌ల పద్ధతి అడిగి రాసుకున్నాను. మన పద్ధతిలోనే మాంసానికి రెండు గరిటెల నూనె కూడా పోశాను చూడు! వేడివేడిగా ట్రే దించి, మీద ఫాయిల్ బిగించి, ఒళ్ళో పెట్టుకుని 45 నిమిషాలు రైల్లో వెళ్ళాను. ఆవిరంతా లోపలే. నా గోధుమరంగు కోటు మీద ట్రే ఆకారంలో మరక పడింది. పైన ఎత్తితే పై రొట్టెలు వచ్చాయి, అడుగు రొట్టెలు రాలేదు. ట్రేకి అతుక్కుని పాయసంలా ఉండిపోయాయి. మా హెడ్ నర్సు ఒక గిన్నె తెచ్చుకుని గరిటతో వేసుకుని, "దీని పేరేంటి?" అంది. నేను నోటికొచ్చిన పేరేదో చెప్పాను. "చాలా బాగుంది" అని రెండోసారి కూడా వేసుకుంది. ఆ మనిషిని ఇప్పటికీ ప్రార్థనలో తలుచుకుంటాను. బేర్స్ 46-10తో గెలిచారు. నాకు మాత్రం ఆ రాత్రి గుర్తొస్తే అడుగు రొట్టే గుర్తొస్తుంది.

కాబట్టి రొట్టె గురించి చెప్పేది చెవిన పెట్టు. రోల్స్‌ని విడదీయకు. పలకని పలకగానే పెట్టి, పళ్ళ కత్తితో అడ్డంగా రెండు పొరలుగా కొయ్యి. రెండు పొరల్నీ కోసిన వైపు పైకి పెట్టి 350 డిగ్రీల ఫారన్‌హీట్‌లో అయిదారు నిమిషాలు కాల్చు. చేత్తో తడిమితే గరుగ్గా తగలాలి. అడుగు పొర మీద సన్నగా వెన్న రాయి. దాని మీద ముందు చీజ్ ముక్కలు పరుచు, సందు లేకుండా. ఆ తర్వాతే మాంసం, ఉల్లిపాయ, మళ్ళీ చీజ్, పై పొర. చీజ్ కరిగి కింద చాపలా పరుచుకుంటుంది, తడిని ఆపుతుంది. అందరూ చీజ్ పైన ఒక్కచోటే వేస్తారు, ఫొటోలో బాగుంటుందని.

అన్నట్టు, హవాయి రోల్స్ వాడావా? తియ్యగా బాగుంటాయి, కాదనను. కానీ మరీ మెత్తన, తడిని ఇట్టే పీల్చుకుంటాయి. అవి వాడితే ఇంకో రెండు నిమిషాలు ఎక్కువ కాల్చు. గాజు పాత్రలో పెట్టకు, పల్చటి లోహపు ట్రేలో పెట్టు, అడుగుకి సెగ త్వరగా తగులుతుంది. పైన పోసే వెన్న, ఆవపిండి సాస్, వూస్టర్ సాస్ కలిపిన మిశ్రమంలో ట్రేకి వెన్న నాలుగు టేబుల్ స్పూన్లకి మించొద్దు. పొయ్యకు, కుంచెతో రాయి. పోస్తే పక్కలనించి జారి ఎక్కడికెళుతుందో నీకిప్పుడు తెలుసు. ఫాయిల్‌ని గుడారంలా లేపి కప్పి 15 నిమిషాలు, ఫాయిల్ తీసేసి ఇంకో అయిదు. బయటికి తియ్యగానే మొత్తం పలకని ఇనప జాలీ మీదికి జరుపు. వేడి ట్రేలో వదిలితే కింద చెమట పడుతుంది. అయిదు నిమిషాలాగి కొయ్యి. జాలీ లేకపోతే చెప్పు, నా దగ్గర రెండున్నాయి. అసలు ఒకటి రేపే పోస్టులో వేస్తాను.

గరం మసాలా వేసుకుంటే వేసుకో. ఒక ట్రేలో.

ఇంత చెప్పాక నువ్వు ఎదురడుగుతావని తెలుసు. "మరి వైట్ కాజిల్ వాళ్ళ స్లైడర్లు మెత్తగానే ఉంటాయి కదా పెద్దమ్మా" అని. ఆ కంపెనీ హెడ్డాఫీసు మీ కొలంబస్‌లోనే ఉంది మరి. 1921లో కాన్సస్‌లోని విచిటాలో 5 సెంట్లకి ఒకటి చొప్పున అమ్మడం మొదలుపెట్టారు. నైట్ డ్యూటీ దిగాక తెల్లారుజామున నేనూ ఆ ఫిలిప్పీన్స్ అమ్మాయీ ఎన్ని తిన్నామో లెక్కలేదు. పల్చటి చదరపు మాంసం ముక్క, దానికి అయిదు చిల్లులు. కింద ఉల్లిపాయలు పరిచి ఆ ఆవిరి మీదే ఉడికిస్తారు, రొట్టె కూడా ఆ ఆవిరికే మెత్తబడుతుంది. అవును, మెత్తనే. కానీ అది నీ చేతికొచ్చిన రెండు నిమిషాల్లో కడుపులోకి పోతుంది. నీ ట్రే బల్ల మీద గంటసేపు ఆట చూస్తూ కూర్చుంటుంది. రెండింటికీ పోలిక లేదు.

గంట అంటే గుర్తొచ్చింది. బల్ల మీద రెండు గంటలకి మించి ఉంచకు. మూడు ట్రేలూ ఒకేసారి పెట్టొద్దు. ఒకటి అయ్యాక ఒకటి ఓవెన్లోంచి రానీ. మాంసం వేయించేటప్పుడు రంగు చూసి దించకు, థర్మామీటర్ గుచ్చి 160 డిగ్రీలు చూడు. ముక్క మాంసానికైతే సూక్ష్మక్రిములు పైపైన ఉంటాయి, సెగ తగిలితే చస్తాయి. మర పట్టిన మాంసంలో పైది లోపలికి, లోపలిది పైకి కలిసిపోతుంది. 1993లో పడమటి రాష్ట్రాల్లో సరిగ్గా ఉడకని హాంబర్గర్ల వల్ల వందలమందికి ఈ.కోలై సోకింది, నలుగురు పిల్లలు పోయారు. ఆ మరుసటి ఏడాదే ప్రభుత్వం ఆ రకం క్రిమి ఉన్న గ్రౌండ్ బీఫ్‌ని కల్తీ సరుకుగా ప్రకటించింది. నేనప్పుడు పిల్లల వార్డులో ఉన్నాను. మా ఊళ్ళో కేసులు లేకపోయినా, ఆ వార్తలు చదివాక చాలారోజులు మాంసం తేలేదు నేను. నిన్ను భయపెట్టాలని కాదు బంగారం. థర్మామీటర్ కూడా జాలీతోపాటు పంపిస్తున్నాను, అంతే.

ఇక మీ అమ్మ చెప్పిన రెండో మాట. మీ ఆఫీసులో ఉన్న తెలుగు పిల్లలు ఏమనుకుంటారోనని ట్రే ముందు పెట్టే చీటీ మీద "కీమా" అని రాస్తానన్నావట.

వద్దమ్మా.

తెలుగువాళ్ళు కీమా అంటే మేక అనో గొర్రె అనో అనుకుంటారు. తిననివాళ్ళు తెలియక తింటారు. లేబుల్ లేని మందు సీసాని నర్సులం మేం వాసన కూడా చూడం, పారేస్తాం. తప్పు లేబుల్ అంతకంటే ఘోరం. "బీఫ్" అని పెద్ద అక్షరాలతో రాయి. ఆ ట్రేలకి వేరే బల్ల, వేరే కత్తి, వేరే పట్టకారు. నాలుగో ట్రే మష్రూమ్‌తోనో పనీర్‌తోనో చెయ్. అందులోనూ చూసుకో. చాలా రోల్స్‌లో గుడ్డు ఉంటుంది, హవాయి వాటిలో ఉంటుంది. వూస్టర్ సాస్‌లో చేప ఉంటుంది. ఆ విజయవాడ పిల్ల గుడ్డు కూడా ముట్టదన్నావు కదా, ఆ ట్రేకి ప్యాకెట్ వెనక చదివి రొట్టె కొను, సాస్ మానెయ్. నీ ముస్లిం స్నేహితురాలు వస్తే హలాల్ కొట్లో కొను, అందరికీ అదే సరిపోతుంది.

నీకెందుకంత జంకు వచ్చిందో నాకు తెలియక కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా పక్కన కూర్చునే పిల్ల ఓ సోమవారం "నిన్న మీ ఇంట్లో ఏం కూర?" అనడిగింది. నేను "వంకాయ" అన్నాను. చేతులు ఎంత కడుక్కున్నా ఆ మసాలా వాసన వస్తోందేమోనని రెండు చేతులూ బల్ల కింద పెట్టుకున్నాను. ఆ పిల్ల మంచిది. "మా అమ్మ అస్తమానం పప్పే వండుతుంది, వచ్చే ఆదివారం మీ ఇంటికొస్తాను వంకాయ కూర తినడానికి" అంది. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను. అమ్మ ఏమీ అడగలేదు. ఆ ఆదివారం మన ఇంట్లో వంకాయ కూరే వండింది. నాన్న గుడినించి వచ్చి కంచం చూశాడు, నా వంక చూశాడు, మాట్లాడకుండా తిని లేచాడు. ఆ పిల్ల కడుపునిండా తిని వెళ్ళింది. మీ అమ్మ అప్పటికి చాలా చిన్నది, "మాంసం ఏదీ?" అని ఏడ్చింది. దానికి గుర్తుండదు. నాకు వంకాయ ఇప్పటికీ సయించదు, ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

సరే, చెయ్యి నొప్పెడుతోంది. నువ్వు 20 మందిని పిలిచి వండి పెడుతున్నావంటే నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేదు కదూ. నీ వయసులో నాకు ఆ ధైర్యం లేదు. డబ్బు అవసరమైతే మొహమాటపడకు, నాలుగున్నర పౌండ్ల మాంసం ఈ ధరల్లో మాటలా.

ఆ రోజు మొదటి ట్రే కోసి, ఒక ముక్క పక్కకి తీసి, తిరగేసి ఫొటో పంపు. పైది నాకొద్దు.

ముద్దులతో,
మీ పెద్దమ్మ